నోరు మెదపని కార్డు

ఎవరికైనా తట్టేదే అంటే, ఆ ఎవరైనా ఎవరు, వాళ్ల ఊరేది, పొద్దుటి నుంచీ ముస్కాన్ బుర్రను ఇదే తొలిచేస్తోంది, ఆమె కనిపెట్టిన కంప్యూటర్ కార్డుకు పేటెంటు ఇవ్వనన్న అధికారి ఆ ఒక్క ముక్కతోనే కొట్టిపారేశాడు, కాసేపట్లో ముంబైలో అప్పీలు, ఓడితే తన కార్డు ఇక తనది కాదు, ఏ పెద్ద కంపెనీ అయినా దర్జాగా చేసుకోవచ్చు, ఇంకెవరికీ ఎందుకు తట్టదో ఒక్క మాటలో చెప్పమ్మా అని వకీలు అజయ్‌కుమార్ అక్కణ్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఇక్కడ తెలంగాణ సరిహద్దునున్న సిరొంచలో నాన్న బర్కత్ అలీ బట్టల దుకాణంలో నర్సక్క చీర అంచు రుద్దుతూ, రంగు వోతదా సేటూ, అంటోంది, నువ్వు పోతవు గని రంగు పోదు నర్సక్కా, అని నాన్న, ఇద్దరికీ నవ్వులే.

గుమ్మంలో ఏటపల్లి వైపు నుంచి వచ్చిన సోనుబాయి, గుంజ పట్టుకుని ఉలుకూ పలుకూ లేదు, ఏం కావాలని ముస్కాన్ అడగబోతే నాన్న కళ్లతోనే ఆగమన్నాడు, కొత్తగ వచ్చినోళ్లు జర వింటరు బేటా, ఈడ తెలుగు నడుస్తదా, మరాఠీ నడుస్తదా, విన్నంక నోరు తెరుస్తరు, అన్నాడు మెల్లగా, అవును కదా అనుకుంది ముస్కాన్, తనుండే పుణెలో అయితే మనిషి కంటే ముందు గొంతు లోపలికొస్తుంది, అక్కడి కార్డులూ అంతే, కంప్యూటర్‌లో గుచ్చీ గుచ్చగానే నేను ఫలానా, మెమరీలో నాకింత చోటు కావాలి అని అరుస్తాయి, రెండు ఒకే చోటు అడిగితే తగువు, తన కార్డు మాత్రం గుమ్మంలో ఆగి, ఎవరెక్కడ కూర్చున్నారో విని, ఖాళీ చోట సర్దుకుంటుంది, ఈ బుద్ధి తనకు ఏ పుస్తకం చెప్పింది, ఏ పుస్తకమూ చెప్పలేదే, ఎంత వింత!

నర్సక్క వెళ్లింది, ఈలోగా జంగుబాయి కూడా వచ్చింది, ఆమెకూ ఈ దుకాణం కొత్తే, ఇప్పుడు గుమ్మంలో ఇద్దరు, ఒకరు మాట్లాడితే వినాలని ఒకరు, దుకాణమంతా నిశ్శబ్దం, ఇగ గిట్లనే నిలబడుండ్రి, పొద్దుగూకుతది, అని నాన్న పకపకా నవ్వాడు, ముస్కాన్‌కు నవ్వు రాలేదు, మొదటిసారి రెండు కార్డులు ఒకేసారి గుచ్చినప్పుడు అచ్చం ఇలాగే, రెండూ మూగనోము పట్టాయి, కంప్యూటర్ లేవనే లేదు, నీ కార్డులకు ఇంత సిగ్గేంటే అని స్నేహితులు ఆట పట్టించారు, తర్వాత కింది గాడిలోని కార్డు ముందు మాట్లాడాలని తనే కట్టడి పెట్టింది, పరువు పోతుందని వకీలుకు ఆ సంగతే చెప్పలేదు, అరె, చెప్పాల్సింది అదే కదా, ఇన్నేళ్లుగా ఇంతమంది కార్డులు చేశారు, వాళ్లవి అరుచుకున్నాయి, కొట్టుకున్నాయి, ఎవరి కార్డులూ మర్యాదకు పోయి మూగబోలేదు, ఎవరికైనా తట్టేదే అయితే తనకంటే ముందు ఎవరో ఒకరు ఈ దారిన పోయి ఈ తప్పు చేసి ఉండాలి, ఎవరూ చేయలేదు, ఆ తప్పు తనొక్కదానిదే, కాబట్టి ఆ దారీ తనదే.