ఆకుపచ్చ చుక్క

చెంగల్వరాయుడు అంబాసిడర్ కారు డాష్‌బోర్డు కిందికి తల దూర్చి, టెస్టర్ బల్బును పళ్ళ మధ్య కరిచిపట్టుకుని వెల్లకిలా పడుకుని ఉండగా ఆ శుభవార్త వచ్చింది. చొక్కా జేబులో ఫోను గుండెల మీదే మోగింది. బల్బు తియ్యకుండానే చెవికి ఆనించుకున్నాడు.

"కనపడతాండాది చిన్నతాతా. తిరువళ్ళూరులో, మీ అంగడి ముందర, పచ్చ చుక్క. తాత బండే."

"ఊఁ."

"బ్యాటరీ పన్నెండున్నర వోల్టులంట, అది కూడా చూపిస్తాండాది. ఈయనకి చూపిస్తే నమ్మలే. నలభై ఏండ్ల బండి ఫోన్లోకి యెట్ట వస్తాది అంటాండాడు."

శ్రీవాసవికి పెళ్ళయి ఇరవై రెండు రోజులు. 'ఈయన' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల గొంతు చిన్న మెట్టు ఎక్కి దిగుతుంది. అది విని చెంగల్వరాయుడు బల్బు కరుచుకునే నవ్వాడు. ఎంగిలి చెంప మీదికి జారింది.

బయటికి పాకి వచ్చి, స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్న జయరామ్‌తో, "దొరికిపోయినావు అన్నా," అన్నాడు.

"ఎవురికి?"

"నీ మనవరాలికి. కవరైపేట్టైలో కూచోని నిన్ను చూస్తాండాది."

"నన్ను యాడ చూస్తాది. బండిని చూస్తాది," అని జయరామ్ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను వేలితో తీసి నాకాడు.

ఆయనకి డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళుగా ఇదే కారు, ఇదే తిరువళ్ళూరు–తిరుత్తణి దారి. కొండకి పోయే కుటుంబాలు, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు. మనవరాలి పెళ్ళికి రెండు రోజుల ముందర తిరుత్తణి కొండ దిగుతుంటే తల తిరిగింది. బండి పక్కకి తీసి రెండు గంటలు అక్కడే ఉండిపోయాడు. ఫోను ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. ఇంటికి వచ్చేసరికి శ్రీవాసవి ఏడ్చి ఏడ్చి పెళ్ళికి పెట్టుకున్న గోరింటాకంతా చెరుపుకుంది. అత్తగారింటికి పోయే ముందర కారు తాళం చేతిలో పట్టుకుని ఒకటే మాట చెప్పింది. బండి తన ఫోన్లో కనపడాలి. కనపడకపోతే తాళం తనతోబాటు కవరైపేట్టైకి వచ్చేస్తుంది.

జయరామ్ దేనికైనా ఒప్పుకునేవాడే, బండి తోలకుండా ఉండడానికి తప్ప. అందుకే సబ్బుబిళ్ళంత నల్లటి పెట్టె ఒకటి చెన్నై నుంచి తెప్పించుకుని, "బిగించు రాయుడూ," అని తెచ్చి చెంగల్వరాయుడి ముందు పెట్టాడు. లోపల ఫోను సిమ్ము లాంటి సిమ్ము. పైన కందిగింజంత దీపం. పెట్టెకి మూడు వైర్లు.

చెంగల్వరాయుడికి అరవై ఒకటి. ఊత్తుకోట దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట ఈ షెడ్డుకి వచ్చాడు. అప్పటి యజమాని దామోదరన్ పోయినా, బోర్డు మీద ఆయన పేరే ఉంది. డైనమోలు చుట్టాడు, హారన్లు విప్పాడు, లైట్లు మార్చాడు. కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో రేడియేటర్ ఫ్యాను కొట్టేసింది, తిరిగి మొలిచింది గాని వంకరగా మొలిచింది. ఆ వంకర గోటితోనే వైరు పైతొక్క ఒలుస్తాడు, కత్తెర వాడడు. ఒక చోట కూర్చోలేడు. అన్నం కూడా నిలబడే తింటాడు. భార్య మునెమ్మ పెళ్ళయిన కొత్తలో, "కూచో మావా, అన్నం పరిగెత్తదు," అనేది. ఇప్పుడు అనడం మానేసి, నిలబడి తినడానికి వీలుగా పెద్ద గిన్నెలో కలిపి పంపిస్తుంది.

ఇలాంటి పెట్టె అతను ఎన్నడూ బిగించలేదు. మూడు రోజులు ఫోన్లో వీడియోలు చూశాడు. పైకి చెప్పుకోలేదు గాని లోపల ఒకటే గుబులు. ఇది పనిచెయ్యకపోతే జయరామ్ బండి ఆగుతుంది. ఆ బండి ఆగితే శుక్రవారం శుక్రవారం తన షెడ్డు ముందు ఆగి, "ఏంరా, ఇంకా బతికే ఉండావా," అని అడిగే మనిషి ఉండడు.

అందుకే పచ్చ దీపం వెలిగిందనగానే, తానే ఆ దీపాన్ని కన్నట్టు నాలుగుసార్లు వంగి వంగి చూశాడు.

తొమ్మిదిన్నరకి జయరామ్ బయల్దేరాడు. తిరుత్తణి కొండకి పోయే ఒక కుటుంబం వీరరాఘవ స్వామి గుడి వీధిలో ఎదురుచూస్తోంది. గేరు పక్కన, కింద, బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్చు ఉంటుంది. దాని ఎర్ర ప్లాస్టిక్ తాళం పెట్టి తిప్పితేనే బండికి కరెంటు. తీసేస్తే మొత్తం చీకటి. ఆ తాళానికి గులాబిరంగు రిబ్బన్ ముక్క కట్టి ఉంది. పెళ్ళినాడు బండికి కట్టిన రిబ్బన్లోంచి చించి, "పారేసుకోకు తాతా," అని శ్రీవాసవి కట్టిందట.

"ఈ స్విచ్చు నువ్వు పెట్టిందే కదరా," అన్నాడు జయరామ్ తాళం తిప్పుతూ.

"నేను సొంతంగా చేసిన మొదటి పని అన్నా."

"ఇంకా చెడలే. ఏందో నీకు తెలీకుండా బాగా చేసేసినావు."

బండి పోయింది. ఫోన్లో చుక్క కూడా దాని వెంటే కదిలింది. శ్రీవాసవి పట్టుబట్టి చెంగల్వరాయుడి ఫోన్లో కూడా ఆ మ్యాపు బొమ్మ పెట్టించింది. అతను ట్రాక్టరు హారను విప్పుతూ చూశాడు, ఆటో సెల్ఫు మోటారు తుడుస్తూ చూశాడు. చుక్క గుడి వీధిలో పది నిమిషాలు నిలబడింది. రైల్వే గేటు దగ్గర ఆగింది. రైలు పోయినట్టుంది, కదిలింది. ఆ దారి మలుపులన్నీ అతనికి తెలుసు, అయినా చుక్క ప్రతి మలుపూ సరిగ్గా తిరుగుతుంటే ఏదో పసిబిడ్డ అడుగులు వేస్తున్నట్టు సంబరం. మునెమ్మకి ఫోను చేసి, "కనకమ్మసత్రం దాటినాడు," అన్నాడు.

"ఎవురు?"

"జయరామన్న."

"దాటితే దాటినాడు. నలభై ఏండ్లుగా దాటతానే ఉండాడు గదా," అని పెట్టేసింది.

పదకొండు దాటాక, తిరుత్తణిలో, చుక్క బూడిదరంగుకి మారింది.

చేతిలోని స్పానరు కింద పెట్టాడు. ఆ వెంటనే శ్రీవాసవి ఫోను. "చిన్నతాతా, పచ్చ పోయినాది. ఏమయినాది?"

అతను జయరామ్‌కి చేశాడు. ఏడెనిమిది మోతల తర్వాత ఎత్తాడు ఆయన. "టీ తాగతాండా. ఏంది ఈ గోల?"

"బండి యాడుంది అన్నా?"

"నా ముందరే. కట్ ఆఫ్ తీసినా, తాళం జేబులో ఉండాది."

చెంగల్వరాయుడు నుదురు కొట్టుకున్నాడు. పెట్టెతోబాటు వచ్చిన కాగితం, టిఫిన్ క్యారియర్ కింద పరిచింది, లాగి చూశాడు. తమిళంలో స్పష్టంగానే ఉంది. ఎర్ర వైరు నేరుగా బ్యాటరీకే కలపాలి. అతను కట్ ఆఫ్ దాటాక కలిపాడు. దామోదరన్ షెడ్డులో చేరిన మొదటి రోజు నేర్పిన పాఠం అది. కట్ ఆఫ్ దాటకుండా ఒక్క వైరు కూడా బండి లోపలికి పోకూడదు, పోతే ఏదో ఒక రాత్రి బండి అంటుకుంటుంది. నలభై మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. తప్పాల్సిన ఒక్క రోజూ తప్పలేదు. ఇప్పుడు తాళం తీస్తే పెట్టె కూడా కళ్ళు మూస్తుంది.

"నా తప్పే అన్నా. ఒక్క వైరు మార్చాల. ఇట్నే వచ్చేయ్."

"రేపు పొద్దున తెస్తాలే. నేను పడుకుంటే అది కూడా పడుకోనీ, ఏం పోయినాది," అన్నాడు జయరామ్. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున తిన్న దోసె సరిగ్గా దిగలేదురా. ఎదురు రొమ్ము మంటగా ఉండాది. దావలో కొంచేపు పడుకోని వస్తా."

శ్రీవాసవికి విషయం చెబితే పకపకా నవ్వింది. "అంతేనా. సరేలే చిన్నతాతా, బూడిదరంగు వస్తే తాత కునుకు తీస్తాండాడని అనుకుంటా. మంచిదే గదా, ఫోను చేసి లేపకుండా ఉంటాను."

పన్నెండున్నరకి చుక్క మళ్ళీ పచ్చబడింది. కుటుంబం కొండ మీదే సత్రంలో ఉండిపోయింది, బండి ఖాళీగా వెనక్కి వస్తోంది. చెంగల్వరాయుడు రసం అన్నం నిలబడి తింటూ చూశాడు. ఒకటీ ఇరవైకి, కనకమ్మసత్రానికి కొంచెం అవతల, చుక్క మళ్ళీ బూడిదరంగు అయింది.

కునుకు. జయరామ్ కునుకు అరగంట. లారీ హారన్ల మధ్య కూడా అరగంటకి సరిగ్గా లేస్తాడు, ముఖం కడుక్కుంటాడు, బయల్దేరతాడు. ఒకటీ యాభై అయింది. చుక్క మారలేదు. చెంగల్వరాయుడు ఆటో మోటారు బిగించాడు, మళ్ళీ విప్పాడు. రెండయింది. ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాడు. శ్రీవాసవికి చేద్దామని పేరు నొక్కబోయి ఆగాడు. ఆ పిల్ల నిశ్చింతగా ఉంది. ఆ నిశ్చింత కూడా తన తప్పులోంచి పుట్టిందే. వైరు సరిగ్గా కలిపి ఉంటే ఏది నిద్రో ఏది కాదో అనే ప్రశ్నే ఉండేది కాదేమోనని ఒక ఆలోచన. అప్పుడైనా పెట్టె చూపించేది బండినే గదా అని ఇంకో ఆలోచన. రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

రెండూ ఇరవైకి షట్టరు సగం దించి మోపెడ్ తీశాడు.

ఎండ రోడ్డు మీద నీళ్ళలా కదులుతోంది. మోపెడ్ నలభై దాటి పోదు. కనకమ్మసత్రం దాటాక తాటిచెట్ల నీడలో, రోడ్డు మీదనుంచి పూర్తిగా పక్కకి దించి, చక్రాలు నేరుగా పెట్టి ఆపిన అంబాసిడర్ కనపడింది. నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. పక్కనే తాటిముంజలు అమ్మే అలిమేలమ్మ తడిగుడ్డ కప్పిన గంప ముందు కూర్చుని ఉంది.

"డ్రైవరయ్య కోసమా? పడుకోనుండాడు," అంది నెమ్మదిగా. "నీళ్ళడిగినాడు, ఇచ్చినా. రెండు ముంజలు తిన్నాడు. అరగంటలో లేస్తా, లేపొద్దు అన్నాడు. ఫోను మోగతానే ఉండాది, పాపం నిద్ర చెడతాదని నేను దగ్గిరికి పోలే."

చెంగల్వరాయుడు డ్రైవరు సీటు వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది.

జయరామ్ వెనక సీట్లో ఉన్నాడు. చెప్పులు బయట విప్పి, తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. నలభై ఏళ్ళలో ఆయన ఆ సీట్లో ఉండగా చెంగల్వరాయుడు చూడలేదు. ఆ సీట్లోనే ఒకనాడు తను, పక్కన మునెమ్మ, ఊత్తుకోట నుంచి మెడలో పూలదండలతో వచ్చారు. ఆ సీట్లోనే ఇరవై రెండు రోజుల కింద శ్రీవాసవి కూర్చుంది. ఆయన మాత్రం ఎప్పుడూ అద్దంలోంచే దాన్ని చూశాడు.

"అన్నా."

చెయ్యి ముట్టుకున్నాడు. ఆ ఎండలో ఆ చెయ్యి ఒక్కటే చల్లగా ఉంది. గుప్పిట్లో కట్ ఆఫ్ తాళం. రిబ్బను వేళ్ళ మధ్యనుంచి బయటికి వచ్చి ఉంది. నొప్పి వచ్చినప్పుడు కూడా బండిని పక్కకి తీసి, బ్రేకు వేసి, కరెంటు కట్టేసి, అప్పుడు పడుకున్నాడు మనిషి.

అలిమేలమ్మ దగ్గరికి వచ్చి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీదికి పోయి, వస్తున్న పాలవ్యానుకి చెయ్యి అడ్డం పెట్టింది.

ఏ బండి దగ్గరికి పోయినా చెంగల్వరాయుడి చెయ్యి మొదట పోయేది కట్ ఆఫ్ దగ్గరికే. ఇప్పుడూ అలాగే పోయింది. ఆసుపత్రికి తోలుకుపోవాలి అనుకున్నాడో, ఏమీ అనుకోలేదో, గుప్పిట్లోంచి మెల్లగా తాళం తీసి, ముందు తలుపులోంచి వంగి స్విచ్చులో పెట్టి తిప్పాడు. డాష్‌బోర్డు కింద కందిగింజంత దీపం రెండుసార్లు రెప్పలార్చి, నిలకడగా వెలిగింది.

నిమిషం కూడా కాలేదు. జేబులో ఫోను మోగింది.

"చూసినావా చిన్నతాతా, పచ్చగా అయినాది," అంది శ్రీవాసవి. "లేచినట్టుండాడు మా తాత. ఈ పొద్దు బాగా పడుకున్నాడే."

అతను ముందు తలుపులోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు.

"రేపు ఆదివారం గదా, ఈయనకి లీవు. పొద్దున్నే మొదటి బస్సుకి ఇద్దరం తిరువళ్ళూరు వస్తాండాం. నువ్వు నీ వైరు పని తొందరగా ముగించేయ్. తాత బండిలోనే పూండి డ్యాముకి పోదాం, మునెమ్మవ్వని కూడా పిల్చుకో. ఈయన పక్కనే ఉండాడు, తానే తోలతాడంట, తాతని వెనక కూచోబెడదాం. ఒప్పుకుంటాడంటావా?"

చెంగల్వరాయుడు కారు పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత అలా కూర్చున్నాడు, కాళ్ళు బారజాపుకుని.

"అమ్మా," అన్నాడు. "ఫోను ఒకసారి మీ ఆయనకియ్యి."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆ గాలికి, స్విచ్చులో ఉన్న ఎర్ర తాళానికి కట్టిన గులాబిరంగు రిబ్బన్ ముక్క కొంచెం లేచి, మళ్ళీ వాలింది.