స్టీలు గ్లాసుల సంస్కరణ

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన మేనేజరుకు పనివాళ్ళు రెండో రోజే రూలుకర్ర అని పేరు పెట్టేశారు. ఆ సంగతి చెవినపడి ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా.

వచ్చిన వారానికే ఆయన కన్ను క్యాంటీను మీద పడింది. అక్కడి పింగాణీ కప్పుల్లో ఒకటి నీలం, ఒకటి పచ్చ. కొన్నిటికి అంచులు ఊడాయి. "ఇది క్యాంటీనా, పాతసామాన్ల కొట్టా?" అని ముక్కు చిట్లించి, అన్నిటినీ అటకెక్కించి, తళతళలాడే స్టీలు గ్లాసులు రెండొందలు తెప్పించాడు. పనిలో పనిగా టీ గరిటెల కర్రపిడులు పీకించి స్టీలువి బిగించాడు.

"స్టీలుకు ఓర్పు ఉండదండీ," అంది వంటావిడ. ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యి ముందే నిలబడ్డ మనిషి. "పింగాణీ అయితే వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, కర్ర అసలు చేతిదాకా రానివ్వదు. స్టీలు అలా కాదు. లోపలున్నదంతా అప్పటికప్పుడు బయటపెట్టేస్తుంది."

"పొయ్యి దగ్గర నుంచుంటే సైన్సు వచ్చేస్తుందా అమ్మా?" అన్నాడు రూలుకర్ర. ఆయన చదివింది కామర్సు.

మర్నాటి నుంచీ పది నిమిషాల టీ విరామం పాతిక నిమిషాలైంది. గ్లాసులు బల్లల మీద పొగలు కక్కుతుంటే, మనుషులు చుట్టూ కూర్చుని ఊసులాడుకునేవారు. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోరు. వేళ్ళు కాలితే సూది పట్టేదెలా? రూలుకర్ర వాచీ పట్టుకుని మూడు రోజులు తలుపు చాటున కాపు కాసి, ఇది కుట్రేనని తేల్చేశాడు. టీ అందిన రెండు నిమిషాల్లో తాగడం మొదలుపెట్టాలని సర్క్యులర్ అంటించాడు. వాళ్ళు గ్లాసులకు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. ఫ్యాక్టరీ గుడ్డ సొంతానికి వాడరాదని ఇంకో సర్క్యులర్ దిగింది. అప్పుడు చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి. వాటిని ఏ రూలు కింద నిషేధించాలో తెలియక ఆయన రెండు రోజులు బుర్ర గోక్కున్నాడు.

చొక్కాల లెక్క తగ్గేసరికి ఓనరమ్మగారే స్వయంగా వచ్చారు, అదీ సరిగ్గా టీ వేళకు.

"ఏమయ్యా, టీ తాగడానికి అరగంటా?"

"అంతా నటనండీ. గ్లాసు కాలుతోందట! మీరే చూడండి."

వంటావిడ అప్పుడే నింపిన గ్లాసును రూలుకర్ర లాక్కుని గుప్పిట బిగించాడు. ఓనరమ్మగారు తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎన్ని తెచ్చావు ఇలాంటివి?"

"రె... రెండొందలండీ."

"మరి పాత కప్పులేమయ్యాయి?"

"అట... అటక మీదండీ."

అరచెయ్యి నిప్పుల కొలిమైంది. దింపితే పరువు పోతుంది, దింపకపోతే చర్మం పోతుంది. రూలుకర్ర పరువువైపే మొగ్గాడు. ముఖం కందగడ్డలా మారింది, నుదుట చెమట కారుతోంది, పెదాల మీద నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎందుకు మార్చినట్టు?"

దానికి జవాబు చెప్పేలోపే గ్లాసు జారి, టీ అంతా ఆయన ప్యాంటు పాలైంది. గ్లాసుకు చిన్న సొట్టయినా పడలేదు.

"కాలిందా?" అన్నారు ఓనరమ్మగారు.

"లేదండీ," అన్నాడాయన, కళ్ళనీళ్ళ పర్యంతమై.

ఆయన్ని కుళాయి దగ్గరికి నడిపించి, చెయ్యి నీళ్ళ కింద పెట్టింది వంటావిడే. పనివాళ్ళు మాత్రం చేతిరుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు కట్టుతో కలం పట్టలేక, రూలుకర్ర వంటావిడనే పిలిచి సర్క్యులర్ చెప్పి రాయించాడు: "వివిధ పదార్థాల ఉష్ణవాహకతపై మేనేజరుగారు స్వయంగా జరిపిన ప్రయోగం ఫలితంగా, ఇకమీదట క్యాంటీనులో పింగాణీ కప్పులు, కర్రపిడి గరిటెలు మాత్రమే వాడవలెను."

వంటావిడ గుండ్రటి అక్షరాలతో రాసి, ఒకసారి చదివి వినిపించింది.

"ఉష్ణవాహకత అంటే ఏంటండీ?"

రూలుకర్ర కట్టు కట్టిన చేతిని బల్ల కిందికి దాచుకున్నాడు.

"అది నీకర్థం కాదులేమ్మా," అన్నాడు.