సతుర్నినా కూతురు

అక్టోబరు ముప్పయ్యో తేదీ పొద్దున తొమ్మిదింటికి మెక్సికోలో మా ఊరు పొముచ్ శ్మశానం ముందు బస్సు దిగాను. సంచిలో ఒక పెయింటు బ్రష్షు, రెండు పాత నూలు గుడ్డలు, నేను కుట్టిన తెల్ల గుడ్డ ఉన్నాయి. అమ్మ పోయి మూడేళ్ళు నిండాయి. ఆ రోజు ఆమెను సమాధిలోంచి తీసి, ఎముకలు తుడిచి, చెక్కపెట్టెలో పెట్టాలి. ఆ తర్వాత ఏటా ఇదే వారంలో మళ్ళీ తుడిచి గుడ్డ మారుస్తాం. కానీ మొదటిసారి ఒక్కసారే వస్తుంది.

తెల్ల గుడ్డ కుట్టడానికి నాలుగు నెలలు పట్టింది. కాన్‌కూన్‌లో ఒక హోటల్లో రొట్టెలు చేస్తాను. పని దిగాక రోజూ ఒక గంట కుట్టేదాన్ని. అంచు చుట్టూ ఎర్ర పూలు, మధ్యలో సతుర్నినా అని పేరు.

మంచం పట్టాక అమ్మ ఫోనులో ఒక మాట అంది. "నన్ను నువ్వే తుడవాలే ఫిదెలియా. నీ తమ్ముడికి మాత్రం ఇవ్వకు. వాడు గిన్నె తోమితే గిన్నెకే సొట్ట పడుద్ది."

అలాగేనన్నాను. ఆమె పోయిన రోజు నేను రెండు బస్సులు మారి వచ్చేసరికి పూడ్చేశారు. ముఖం చూడలేదు. తుడిచేటప్పుడు మావాళ్ళు పోయినవాళ్ళతో మాట్లాడతారు. ఆమెతో చెప్పాల్సింది ఆ రోజుకని మూడేళ్ళు దాచుకున్నాను. తేదీ తమ్ముడు విల్బెర్తే ఫోనులో చెప్పాడు. ముప్పయ్యిన రా అక్కా, అంతా సిద్ధం చేసి ఉంచుతా అన్నాడు.

ఊరంతా మర్యాదగా డాన్ అని పిలిచే కాపలాదారు అసిస్క్లో గేటు దగ్గర సున్నం కలుపుతున్నాడు.

"బాబాయ్, పార తెచ్చుకో. అమ్మను తీద్దాం" అన్నాను.

ఆయన కర్ర ఆపాడు. "తీయడమేంటే? పోయిన ఆదివారమే తీశాం కదా. నీకు సెలవు దొరకలేదని చెప్పాడు మీవాడు."

"ఎవరు తుడిచారు?"

"ఆ ఊరి కాని ఊరోళ్ళు. పదిమంది దాకా వచ్చారు. తలా ఒకటి పట్టుకున్నారు." ఆయన నా వైపు చూడలేదు. "నీకు తెలుసనుకున్నానే."

మూడో వరుసలో, నడుమెత్తు గూట్లో అమ్మ పెట్టె ఉంది. మూత తెరిచి ఉంది. పుర్రె పైన ఉంది, జడ పక్కన ఉంది. వాటి కింద, బజారులో దొరికే అచ్చుపూల గుడ్డ పరిచారు. పెట్టె ముందు ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగిస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. మెడలో కెమెరా ఉంది.

నన్ను చూసి స్పానిష్‌లో పలకరించింది. పేరు రెబెకా అట. గ్వాదలహారా నుంచి వచ్చిందట.

"ఈమె మీకేమైనా అవుతారా?" అని అడిగాను.

"ఏమీ కారండీ. ఆదివారం ఈ చేతులతోనే తుడిచాను. పాపం, ఈవిడకు ఒక కూతురుంది, చావుకు కూడా రాలేదట. ఇక రాదట. కొడుకే చెప్పాడు. ఎవరైనా కూతురి స్థానంలో కూర్చుంటారా అని అడిగితే నేను కూర్చున్నాను. ఆ అమ్మాయి తరఫున క్షమించమని అడిగాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మను దహనం చేశాం. తుడవడానికి నాకేమీ మిగల్లేదు."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. సంచి కింద పెట్టి తమ్ముడి కోసం గేటు వైపు చూశాను.

పదింటికి విల్బెర్త్ వచ్చాడు. వెనకాల ఎనిమిదిమంది టోపీలవాళ్ళు, వాడు డబ్బు తీసుకుని ఊరు చూపించే యాత్రికులు. నన్ను చూసి వాళ్ళను గేటు దగ్గరే ఆపి, ఒక్కడే వచ్చాడు. మాయాలో మాట్లాడాడు. ఇంట్లో మా భాష అదే.

"అప్పుడే వచ్చేశావా? బస్సు పదకొండుకి కదా."

"ఆదివారం ఎందుకు తీశావురా?"

"ఆ గుంపు ఆదివారమే ఉంటానంది. ఏం చెయ్యను? మొదటిసారి తియ్యడం చూడాలన్నారు. ఈ ఏడు ఊళ్ళో మూడేళ్ళు నిండిన చావు మనింట్లోదొక్కటే."

"నేను రానని ఎందుకు చెప్పావు?"

"ఊరికే చెప్తే ఎవడేడుస్తాడే? ఏదో ఒక కథ ఉండాలి. నీ పేరు చెప్పలేదులే."

"అమ్మ ముందు చెప్పావు."

"అమ్మకేం వినపడుద్ది?" అన్నాడు. అని, కాసేపు నేల చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు తుడుచుకో, నేనొద్దన్నానా? వాళ్ళు కూడా చూస్తారు. కూతురు తిరిగొచ్చిందంటే ఇంకా బాగుంటుంది."

నేను సంచి విప్పాను. అచ్చుపూల గుడ్డ తీసి పక్కన పెట్టాను. ఎముకలు ఒక్కొక్కటే పాత గుడ్డ మీదికి తీశాను. పాదాల నుంచి మొదలుపెట్టాలి. తుడవడానికి ఏమీ లేదు. ధూళి కూడా లేదు. అయినా బ్రష్షుతో తుడిచాను. గుంపు వచ్చి వెనక నిలబడింది. రెబెకా కూడా వాళ్ళలోనే ఉంది.

అమ్మతో మాయాలో చెప్పాను. "అమ్మా, ఫిదెలియాను. ఆదివారం నీ దగ్గర కూర్చున్నది నేను కాదు. వీడు నాకు తప్పుడు తేదీ చెప్పాడు. నేను రానని నీకు అబద్ధం చెప్పాడు. నిన్ను పదిమంది చేతుల్లో పెట్టాడు." ఇంతకాలం దాచుకున్న మాటలు వేరు. అవి ఆ గుంపు ముందు నోట్లోంచి రాలేదు.

"ఏమంటోంది?" అని వెనక ఎవరో అడిగారు.

"రాలేకపోయానని తల్లిని క్షమాపణ అడుగుతోంది" అన్నాడు విల్బెర్త్ స్పానిష్‌లో.

రెబెకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "తల్లి కదమ్మా, క్షమిస్తుంది" అంది. కెమెరాలు చప్పుడు చేశాయి.

"నేను రాకపోవడం కాదు. వీడు తేదీ మార్చి చెప్పాడు" అని స్పానిష్‌లోనే అన్నాను.

ఆమె తల ఊపింది. భుజం నిమరడం మానలేదు.

పుర్రె అన్నిటికంటే చివర తుడుస్తాం. దాన్ని వాళ్ళకు కనపడకుండా పొట్టకు ఆనించుకుని తుడిచాను. నా గుడ్డ పరిచి అన్నీ సర్దాను. తర్వాత గేటు దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, సిమెంటుందా?"

"దేనికే?"

"అమ్మ గూడు మూసెయ్యి."

డాన్ అసిస్క్లో లేచి నిలబడ్డాడు. "మతి పోయిందా? గాలీ వెలుతురూ ఉండొద్దూ? అందుకేగా మూతలు కూడా వెయ్యం. మూస్తే ఇక నువ్వు కూడా తుడవలేవు. వచ్చే ఏడు ఏం చేస్తావు?"

"గోడ తుడుస్తాను."

ఆయన సామాను కొట్లోకి వెళ్ళాడు. తర్వాత తాపీ, సిమెంటు తట్ట, నాలుగు ఇటుకలు తెచ్చాడు. విల్బెర్త్ అడ్డం వచ్చాడు. "అక్కా, ఆమె నాకూ అమ్మే. నీ ఒక్కదానిదా?" అన్నాడు. నేను ఇటుక అందించాను. వాడు గుంపు వైపు తిరిగి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి నేను వినలేదు.

చివరి ఇటుక ముందు డాన్ అసిస్క్లో ఆగాడు. "వెలుతురుకి కాస్త కంత వదలనా?"

"వదులు."

"ఎంత?"

"చెయ్యి పట్టనంత" అన్నాను.