విశ్వకర్మ పూజ నాటి తేదీ

జూన్ ఇరవై నాలుగు దాటి మూడు రోజులైంది. రాధారాణికి నొప్పులు రాలేదు.

బెంగాల్లో, తాల్‌బగీచా అనే పేటలో, తమ రెండు గదుల ఇంట్లో ఆమె పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మంచం దగ్గరికి. కూర్చుంటే నడుము లాగేస్తోంది, పడుకుంటే ఊపిరాడటం లేదు. వాన వెలిసి ఉక్క పోస్తోంది. చేతిలో ఫోను. ప్రసవం ఎప్పుడో లెక్కగట్టే సైట్లు అందులో నాలుగు తెరిచి ఉన్నాయి. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి: జూన్ ఇరవై నాలుగు. ఇవాళ నొప్పులు వచ్చే అవకాశం నూటికి ఎంతో కూడా ఒకటి చెబుతుంది. దాన్ని టీ తాగే ముందు చూసింది, తాగాక మళ్ళీ చూసింది, ఈలోగా ఏదో మారిపోతుందన్నట్టు.

అన్నిటికంటే ఆమెను కలవరపెట్టే లెక్క ఇంకొకటి ఉంది. స్కానింగులో తెలిసిన బిడ్డ బరువు, ఎన్ని వారాలు నిండాయో రాస్తే, అదే వయసున్న వందమంది బిడ్డల్లో తన బిడ్డ కింది నుంచి ఎన్నో స్థానమో చూపిస్తుంది. కిందటి వారం బరువు రెండు కిలోల ఎనిమిది వందలు. సైటు ఏడు అంది. అంటే తొంభై మంది పైగా తన బిడ్డ కంటే బరువైనవాళ్ళే.

"బిడ్డ చిన్నది, పైగా రోజులు దాటుతున్నాయి. సోమవారం వచ్చి చేరు, మందు పెట్టి నొప్పులు తెప్పిద్దాం" అని డాక్టరు మేడమ్ చెప్పింది.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే సాయికుమార్ జూన్ ఇరవై నాలుగును నమ్ముకుని పదిహేను రోజులు సెలవు పెట్టాడు. అందులో ఆరు రోజులు అప్పుడే అయిపోయాయి. సంచీ సర్ది తలుపు పక్కన పెట్టి, భార్య మూలిగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు.

రాధారాణి ఫోనులో ఆ పేజీని మరోసారి పైకి జరిపింది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న ఉంది: మొదటి మూడు నెలల్లో స్కానింగ్ చేయించుకున్నారా? ఇన్నాళ్ళూ ఆమె లేదు అనే నొక్కుతూ వచ్చింది. ఇవాళ వేలు ఆగిపోయింది.

చేయించుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అంతకు ముందు ఏడాది ఆమెకు మూడో నెలలో గర్భం పోయింది. అప్పటికే అత్త అప్పలకొండ పలాసలోని చుట్టాలందరికీ శుభవార్త చెప్పేసింది. తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసి, పోయిందని చెప్పి ఏడ్చింది. పక్క గదిలో పడుకుని రాధారాణి అన్నీ విన్నది. అందుకే కిందటి నవంబరులో నెల తప్పిందని తెలిసినా ఎవరికీ చెప్పలేదు. కొద్దిగా రక్తం కనిపించిన రోజు, భర్త డ్యూటీకి వెళ్ళాక, ఒక్కతే టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కి మలంచాలో స్కానింగ్ సెంటరుకి వెళ్ళింది. తెర మీద బియ్యపు గింజంత వెలుగు కొట్టుకోవడం చూసింది. రిపోర్టు తెచ్చి బీరువాలో స్వెటర్ల అడుగున దాచేసింది.

మూడో నెల దాటాకే ఇంట్లో చెప్పింది. ఆసుపత్రిలో కార్డు రాస్తూ, చివరిసారి బహిష్టు అయిన తేదీ ఏదని సిస్టర్ అడిగింది. రాధారాణికి గుర్తు లేదు. ఆమెకు ఏ నెలా సరిగ్గా వచ్చింది లేదు. ఒక పక్క భర్త, ఒక పక్క అత్త. సిస్టర్ పెన్ను కాగితం మీద ఆనించి చూస్తోంది.

"విశ్వకర్మ పూజ రోజు" అనేసింది. సెప్టెంబరు పదిహేడున, మిషన్లకు పూజ చేసే ఆ రోజు, కుటుంబాలను వర్క్‌షాపు లోపలికి రానిస్తారు. సాయికుమార్ తన మిషను చూపించిన రోజు అది. సెప్టెంబరు మొత్తంలో ఆమెకు గుర్తున్న తేదీ అదొక్కటే.

అయిదో నెల స్కానింగులో, లెక్క ప్రకారం ఉండాల్సినంత బిడ్డ ఎదగలేదని, చెప్పిన తేదీ ఖాయమేనా అని మేడమ్ అడిగింది. "మా కోడలు లెక్క తప్పదు మేడమ్" అని అప్పలకొండే జవాబిచ్చింది. రాధారాణి తలూపింది.

ఇప్పుడు ఆమె బీరువా తెరిచి రిపోర్టు బయటికి తీసింది. నవంబరు ఇరవై నాలుగు నాటికి ఎనిమిది వారాలు. అదే రాసింది. సైటు జూలై ఆరు అంది, అంటే కార్డులో ఉన్నదానికంటే బిడ్డ వయసు పన్నెండు రోజులు తక్కువ. బరువు మళ్ళీ వేసి చూస్తే ఏడో స్థానం కాస్తా ఇరవై నాలుగో స్థానమైంది.

గుండె తేలికపడింది. ఒక్క నిమిషమే. ఏది ఇస్తే దానికి తగ్గ జవాబు చెబుతోంది ఇది, నువ్వు చెప్పేది నిజమేనా అని అడగదు. తనకు నచ్చిన తేదీ తనే ఎంచుకుంటోందేమో! బిడ్డ నిజంగానే చిన్నదై, ఈ కాగితం పట్టుకుని ఆలస్యం చేస్తే? పాత తేదీ వేసింది, కొత్తది వేసింది, మళ్ళీ పాతది వేసింది. ఫోను మంచం మీద పడేసి వరండాలోకి వచ్చింది.

అప్పలకొండ చేపలు కడుగుతోంది.

"ఏటే, నొప్పులొస్తన్నాయేటి?"

"నేదత్తమ్మా. నేనొక అబద్ధం చెప్పినాను."

నిలబడే అంతా చెప్పింది. అప్పలకొండ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"అంటే బిడ్డ సిన్నది కాదా?"

"కాదేమో. నాకు తెల్దు. మేడమ్ చూడాలి."

"అయిదో నెల కాడ్నించి ఆ మేడమ్ నన్ను సూసినప్పుడల్లా కోడలికి తిండి పెడతన్నావా అని అడుగుతాది. బెంగాలీల సెప్పినాను, హిందీల సెప్పినాను. సోడి అంబలి, గుడ్లు, పాలు, ఏటి తక్కువ సేసినాను? అప్పలకొండ కోడల్ని మాడ్సేస్తందని ఈదంతా అనుకున్నారు. నువ్వు సూస్తా ఊరుకున్నావు."

"భయమేసింది."

"నానేటి పులినా?"

"పోయినసారి మీరు ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పి ఏడుస్తుంటే ఆ గదిలో పడుకుని విన్నాను. మళ్ళీ వినలేననుకున్నాను అత్తమ్మా."

అప్పలకొండ చేపల గిన్నె మీద మూత పెట్టింది. చేతులు సబ్బుతో ఒకసారి కడిగి, మళ్ళీ కడిగింది. "కాయితం తే" అంది. తర్వాత లోపలికి కేకేసింది. "సాయీ, టోటో పిలు!"

టోటోలో సాయికుమార్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. "నాకైనా చెప్పాల్సింది" అన్నాడు మెల్లగా.

డాక్టరు మేడమ్ కార్డునూ రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడుందని హిందీలో అడిగింది. బీరువాలో అని రాధారాణి చెబితే, కళ్ళజోడు తీసి ఆమె వంక చూసింది. స్కానింగ్ చేసింది, గుండె చప్పుడు అరగంట విన్నది.

"మొదట్లో తీసిన స్కానింగునే నమ్మాలి. బిడ్డ బాగానే ఉంది. సోమవారం చేరక్కర్లేదు. మూడు రోజులకోసారి రా. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఫోను చూస్తూ కూర్చోకు, వెంటనే వచ్చెయ్."

తర్వాత అప్పలకొండ వైపు తిరిగి, "నేను ఊరికే నిన్ను అన్నాను దీదీ" అంది. "ఠీక్ హై" అంది అప్పలకొండ, గోడకేసి చూస్తూ.

ఆ రోజు నుంచి ఆమె కోడలికి వేళకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టుకోలేదు. జూలై ఆరు కూడా దాటిపోయింది. సెలవు అయిపోయి సాయికుమార్ డ్యూటీకి వెళ్ళాడు. రాధారాణి వరండాలో తిరుగుతూనే ఉంది.

తొమ్మిదో తేదీ తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. అప్పలకొండే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. సాయికుమార్ నూనె మరకల బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకి యాభై గ్రాములు తక్కువ.

పిల్లను చూశాక అప్పలకొండ మంచం పక్కకు వచ్చింది. చేతిలో ఫోను ఉంది.

"పలాసకి సెప్పేదా?" అని అడిగింది. పన్నెండు రోజుల తర్వాత కోడలితో ఆమె అన్న మొదటి మాట.

"చెప్పండి అత్తమ్మా."

ఇంటికొచ్చాక పిల్ల గంటకోసారి ఏడుస్తోంది. పాలు చాలుతున్నాయో లేదో రాధారాణికి అర్థం కాలేదు. నాలుగు రోజుల బిడ్డకు ఎన్ని పాలు కావాలో అత్తను అడిగింది.

"నాకేటి తెలుస్తాది, నా పిల్లలకి నాను కొలవనేదు. ఎన్ని గుడ్డలు తడిపిందో సూద్దుం, బాగా తడిపితే పాలు సాలినట్టే" అంది అప్పలకొండ.

బయట వాన. తడి గుడ్డలన్నీ గదిలో కట్టిన తాడు మీద వేలాడుతున్నాయి. ఇద్దరూ నిలబడి లెక్కపెట్టారు. అప్పలకొండకి ఆరు వచ్చాయి, రాధారాణికి అయిదు. మళ్ళీ ఆ చివర నుంచి లెక్కపెట్టారు.