తట్టి చూసిన చెయ్యి

ఒక్క అక్షరం, ఇంగ్లీషు కె, అంతే, అది చెబితే అమర్నాథ్ ఉద్యోగం నిలుస్తుంది, చెప్పకపోతే ఒంటిగంటకు ముదీర్, అంటే మేనేజరు, వచ్చి పెట్టె సర్దుకొమ్మంటాడు, కాబట్టి చెప్పను గాక చెప్పను, అనుకున్నాడు ఫసీయుద్దీన్, మదీనత్ అల్ షమాల్‌లో చేపల కోల్డ్ స్టోర్ బయట, పికప్‌లో ఏసీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్, డ్యాష్‌బోర్డు మీద స్పీకర్లో పెట్టిన ఫోను, ఆ ఫోన్లోంచి అల్ ఘర్రాఫా ఆఫీసులో చెమటలు కక్కుతున్న అమర్నాథ్ గొంతు, ఫసీ, లైన్లో ఉన్నావా, ఉన్న సార్, యాడికి పోత, నన్నిక్కడికి తోలిందే మీరు కదా, ఆ చివరి మాట మాత్రం అనలేదు, బెల్లంముక్కలా నాలుక కింద పెట్టుకుని చప్పరించాడు, ఒకప్పుడు నోరారా అన్నా అని పిలిచినవాణ్ణి ఏడాదిగా సార్ అనే పిలుస్తున్నాడు, ఆ సార్‌లో ఎంత విషముందో అవతలివాడికి తెలుసో లేదో గానీ పిలిచిన ప్రతిసారీ తన కడుపు మాత్రం చల్లబడుతోంది.

పన్నెండు నలభై, ఇంకా ఇరవై నిమిషాలు, లాప్‌టాప్‌లో అమర్నాథ్ స్క్రీన్ కనిపిస్తూనే ఉంది, చూస్తున్నకొద్దీ సినిమా చూసినంత సుఖంగా ఉంది, కోల్డ్ స్టోర్ గోడకున్న పెట్టె లోపల చలి ఎంతుందో ఆఫీసుకు చెప్పాలి, ఆఫీసులో దాని మాట వినడానికి నెట్‌క్యాట్ అనే బుల్లి పనిముట్టు, కీబోర్డు మీద ఒక్క లైను కొడితే చెవి తెరిచి కూర్చుంటుంది, వచ్చిన మాటను పట్టి ముందుకు అందిస్తుంది, కానీ ఆ లైన్లో కె లేకపోతే మొదట వచ్చినవాడి మాటే వింటుంది, వాడు వెళ్లగానే చెవి మూసుకుని తనూ వెళ్లిపోతుంది, అమర్నాథ్ చేస్తున్నదేమిటంటే లైను కొట్టి వెనకాల నడిచేలా పెట్టడం, పక్క కంప్యూటర్ నుంచి ఒకసారి తట్టి చూడడం, పలికింది పలికింది అని సంబరపడడం, ఆ తట్టడంతోనే దాని పని అయిపోయిందని ఆ పెద్దమనిషికి తెలియదు, పది నిమిషాలకు ఇక్కడి పెట్టె పిలిస్తే అక్కడ పలికే నాథుడు లేడు, కొత్త సర్వర్ పెట్టినప్పటి నుంచి మూడు రోజులుగా ఇదే తంతు, సరిగ్గానే ఉంది కదా ఫసీ, ఇప్పుడే చెక్ చేశాను కదా, అవు సార్, మంచిగనే ఉన్నట్టుంది, మళ్లొకసారి చెక్ చేసి చూడుండ్రి.

చెక్ చెయ్యి, బాగా చెయ్యి, ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడు, పోయిన ఏడాది ఆ గురువారం సర్వర్ ఆగి లేచింది, లైను కొట్టింది తను, తర్వాత రెండు రోజులు సెలవు, ఇక్కడ మిషన్ ఆగిపోయి చలి పోయింది, ఆ కబురు ఆఫీసుకు చేరలేదు, ఆదివారం తలుపు తీస్తే స్టోర్ నిండా హమూర్ చేపలు కుళ్లి ముక్కు పగిలే కంపు, వచ్చిపోయినవాళ్ల లాగ్ తీసి చూస్తే గురువారం పొద్దున ఆరూ నలభైకి నలభై రెండో నంబరు కంప్యూటర్ నుంచి రెండే రెండు సెకన్లు ఎవరో వచ్చారు, అక్కడితో లైను చచ్చింది, నలభై రెండు ఎవరిది, అమర్నాథ్‌ది, ముదీర్ ముందు అరిచాడు తను, ఈయనే కోసిండు సార్ అని, అమర్నాథ్ తలవంచుకుని, నేను ముట్టుకోలేదండీ అన్నాడు, ఆ అండీ వినే ముదీర్ కరిగిపోయాడు, లైను నీది, పేరు నీది, యల్లా, షమాల్ డ్యూటీకి పో, బోధన్ నుంచి పెళ్లాం ఆబిదా ఫోన్లో, గల్ఫ్‌ల ఎండల తిరుగుడేంది, ఏసీ ఆఫీసన్నవ్ గద, వాని పాపం వానికే తగుల్తది తీయ్, ఆ మాటే తాయెత్తులా కట్టుకుని ఏడాది బతికాడు, ఈ కె సంగతి ఇక్కడ ఒంటరిగా కుస్తీపట్టి నేర్చుకున్న రోజున కూడా, ఓహో, ఇట్ల కోసినవా, తట్టి పారిపోయినవా అని పళ్లు నూరాడు, పైగా ఆ పొద్దున కరక్ చాయ్ తెచ్చిచ్చాడు దొంగ, ఏలకుల వాసన ఇంకా గుర్తుంది, చాయ్ ఇచ్చిన చేత్తోనే గొంతు కోశాడు.

ఆగు, ఈ కె సంగతి ఇవాళ్టికీ తెలియని మనిషికి ఆ రోజు ఎలా తెలుసు, తెలియకుండా ఎలా కోశాడు, ఏదో కోశాడు, పోనీ, చేతికి తగిలి ఉంటుంది, పన్నెండు యాభై రెండు, ఫోన్లో అమర్నాథ్ గొంతు తగ్గించి, ఫసీ, నీ ఒక్కడికే చెబుతున్నాను, నా పక్క సీటు హారిసే ఏదో చేస్తున్నాడని అనుమానంగా ఉంది, లైను ఆగే ముందు ప్రతిసారీ వాడి సిస్టమ్ నుంచే ఎవరో వస్తున్నారు, రెండేసి సెకన్లు, ముదీర్‌కి చెప్పేస్తాను, వాడెక్కడ సార్ ఇప్పుడు, కిందికెళ్లాడు, టీ తేవడానికి, మరి మీరు ఎవరి సిస్టమ్ మీద కూసున్నరు, హారిస్‌దే, వేరే సిస్టమ్ నుంచేగా చెక్ చేయాలి, కుర్చీ ఖాళీగా ఉందని కూర్చున్నాను.

ఖాళీగా ఉందని, టీ తేవడానికి కిందికి, ఫసీయుద్దీన్ నవ్వబోయాడు, అంతలో గుర్తొచ్చింది, కరక్ చాయ్ తెచ్చాడు అమర్నాథ్, తెచ్చాడంటే కిందికి వెళ్లాడు, రెండు కరక్ పట్టుకొస్తాను, నువ్వు పని చూసుకో అని వెళ్లాడు, వెళ్లినవాడు ఆరూ నలభైకి కుర్చీలో ఎలా ఉంటాడు, మామూలు రోజుల్లో తను తట్టి చూసేవాడే కాదు, గోడ మీది పెట్టే ముందుగా పిలిచి రోజంతా లైను పట్టుకునేది, ఆ రోజు, సెలవులు కదా, ఒకసారి చూసిపోదామని పక్కనున్న అమర్నాథ్ కుర్చీలోకి జరిగాడు, మెత్తటి సీటు, ఇంకా వెచ్చగా ఉంది, తట్టాడు, పలికింది, సంతోషపడ్డాడు, చాయ్ తాగాడు, అన్నా, అన్న మాట దానంతటదే ఊడిపడింది, అన్నా, హారిస్‌ను ఏమనకు, వాని తప్పు లేదు, లైన్ల ఎల్ పక్కన చిన్న కె పెట్టు, అటు కీబోర్డు చప్పుడు, గోడ మీది పెట్టెలో ఎర్రలైటు పచ్చగా మారింది, వచ్చింది ఫసీ, రీడింగ్ వచ్చింది, ఏడాదికి అన్నా అన్నావేంట్రా అన్నాడు అమర్నాథ్, కె చెప్పడం ఎంతసేపు, ఇంకొక్క మాట చెప్పాలి, అదే రావడం లేదు, ఆ గురువారం ఆ కుర్చీలో ఉన్నది అమర్నాథ్ కాదు, తనే.