ఒకే రంగు తలుపులు

మా ఊళ్ళో ఇళ్ళన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. అదే గేటు, అదే తలుపు, ముందుగదిలో అదే చోట స్విచ్చు. పొద్దున్నే మగాళ్ళంతా రాజధానికి రైలెక్కుతారు, దీపాలు పెట్టే వేళకి ఈసురోమంటూ వచ్చి పడతారు. మధ్యలో ఊళ్ళో మేమూ, కుక్కలూ మిగులుతాం.

మా ఆయన ఒక ఆఫీసులో గుమస్తా. మొన్న వాన పడిన రోజు తల వంచుకుని నడిచి, మా ఇల్లనుకుని పక్కింట్లోకి వెళ్ళిపోయారు. బ్యాగు మేకుకి తగిలించి కూర్చున్నారు. పక్కింటావిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే వడ్డించింది. ఆవిడ భర్తదీ అదే రైలు, అలాంటి బ్యాగే; ఆ రోజు మాత్రం ఆయన రైలు తప్పిపోయి ఇంకా రాలేదు. మా ఆయన ఆ తర్వాత ఇంటికొచ్చి, ఆకలి లేదన్నారు, అంతే.

సంగతంతా మర్నాడు ఆవిడే గోడ మీంచి చెప్పింది, నవ్వాపుకోలేక.

"మరి మీకెప్పుడు తెలిసింది వదినా?" అని నేనూ నవ్వాను.

"'నువ్వు తిన్నావా?' అన్నారు. మా ఆయన జన్మలో అనడు కదా! అప్పుడు తలెత్తి చూశా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నాదీ ఆగింది. మా ఆయన నన్నా మాట అడిగి ఏళ్ళయింది. ఒళ్ళు మండాలి నిజానికి. మండలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా అలా ఉండిపోయింది.

సాయంత్రం వడ్డిస్తూ అడిగేశాను.

"'తిన్నావా' అని పక్కింటావిణ్ణి అడిగారట?"

"మన ఇల్లే అనుకున్నాను."

"ఇక్కడెప్పుడూ అడగరే?"

"ఏమో. నోటికొచ్చింది," అని నీళ్ళు అందుకున్నారు.

ఇప్పుడైనా అడుగుతారేమోనని కాసేపు అక్కడే తచ్చాడాను. ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నారు.

మళ్ళీ పొరపాటు పడకూడదని ఆదివారం ఆయనే మా తలుపుకి నీలం రంగు వేశారు. డబ్బాలో మిగిలింది పక్కింటావిడ అడిగి పట్టుకెళ్ళింది, కిటికీ చువ్వలకని.

సోమవారం మగాళ్ళు వెళ్ళాక, మధ్యాహ్నం బయటికొచ్చి చూశాను. చువ్వలు ఎప్పట్లాగే తుప్పుపట్టి ఉన్నాయి. తలుపు మాత్రం మా తలుపులాగే నీలంగా మెరుస్తోంది. ఆవిడ గుమ్మంలో నిలబడి వేళ్ళకంటిన రంగు తుడుచుకుంటోంది. నన్ను చూసి నవ్వలేదు. ఏమంటాను? ఆ ఒక్క మాటకి నేనూ మొహం వాచే ఉన్నాను.

ఆ రోజు నుంచి రైలొచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతున్నాను. చూసేవాళ్ళు మొగుడంటే ఎంత ప్రేమో అనుకుంటారు. ఆయన కనబడగానే బ్యాగు అందుకుని ఇంట్లోకి తీసుకొస్తున్నాను. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటున్నాను.

నిన్న ఆయన తలెత్తి నావైపు చూశారు. అడుగుతారనుకుని ముందుకి వంగాను.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.