చేతిలో ఉప్పు

ఉప్పు చేతికిస్తే ఇద్దరి మధ్యా కొట్లాట వస్తుందని బిక్షమ్మ నమ్మకం. హైదరాబాదులో ఉర్దూలో సైన్సు చదివి, కేతేపల్లికి కోడలుగా వచ్చిన రాహేలుకు ఆమె ఎన్నడూ ఉప్పు చేతికివ్వలేదు. గిన్నె కింద పెట్టేది, రాహేలు తీసుకునేది. అయినా కొట్లాట లేని పూట లేదు.

ఆ పొద్దున పప్పు ఉడుకుతుంటే రాహేలు అప్పుడే కడిగిన చెయ్యి చాపింది. బిక్షమ్మ ఎప్పటిలాగే గిన్నె కింద పెట్టింది.

"ఉప్పు పుట్టిందే ఇచ్చుడు, తీసుకునుడుతోని అత్తమ్మా" అంది రాహేలు. "సోడియమని ఒకటి, నీళ్లు తగిలితే మండుతది. క్లోరినని ఇంకోటి, పీలిస్తే పానం తీస్తది."

"మనిద్దరి లెక్కనే." బిక్షమ్మ మూతి తిప్పింది.

ఉర్దూలో చదివింది తెలుగులో చెప్పడానికి రాహేలు కాస్త తడుముకుంది. "సోడియం పరమాణువు తన ఎలక్ట్రాను ఒకటి క్లోరినుకిస్తది. ఎలక్ట్రానుది రుణ విద్యుత్తు. అది పోయింది గనక ఇచ్చినదాంట్ల ధన విద్యుత్తు ఎక్కువైతది, తీసుకున్నదాంట్ల రుణ విద్యుత్తు ఎక్కువైతది. గప్పుడు వాటిని అయాన్లంటరు. గా రెండూ ఒకదాన్నొకటి గుంజుకుంటయి. గదే ఉప్పు."

"ఇచ్చినంక గూడ ఇడిసిపెట్టయా?"

"నీళ్లల్ల పడేదాక ఇడువయి."

బిక్షమ్మ పొయ్యిలో కట్టె కాస్త వెనక్కి లాగింది. తర్వాత కోడలి తడి చేతిని దగ్గరికి లాక్కుని, కొంగుతో అరచెయ్యి ఒత్తి ఒత్తి తుడిచి, అందులో కల్లుప్పు పోసింది.

"నీళ్లు తగలనియ్యకు" అంది.